లాభనష్టాల పట్టిక చాలదు: సమాచార సాంకేతికత, సమాజం, మన ప్రశ్నపత్రం



ఒక ఉపాధ్యాయుని స్మృతిలో జరిగే సభలో పరీక్షల గురించి మాట్లాడటం ఉచితమే అనుకుంటాను. బడిలో ఏం చెప్పాలో పాఠ్యప్రణాళిక నిర్ణయిస్తుందంటాం. ఆచరణలో ఆ పని చేసేది ప్రశ్నపత్రం. పరీక్షలో అడగని పాఠం సంక్రాంతి సెలవుల తర్వాత పుస్తకంలోనే మిగిలిపోతుంది. అడిగే పాఠాన్ని సైతం ఏ రూపంలో అడుగుతారో ఆ రూపంలోనే చెబుతారు. అందువల్ల ఒక తరానికి ఎలాంటి ఆలోచన అలవడుతున్నదో తెలుసుకోవాలంటే ఆ తరం ముందుంచిన ప్రశ్నపత్రాలు తిరగేయాలి. ఈ దృష్టితో ఇవాళ ఒక చిన్న భాగాన్ని పరిశీలిద్దాం. సమాచార సాంకేతికత సమాజం మీద చూపే ప్రభావం గురించి మన విద్యార్థుల్ని ఏమడుగుతున్నాం? ఏమడగాలి?

ఆ భాగం చిన్నదే అయినా దానికి సిలబస్‌లో అధికారికంగా చోటుంది. సీబీఎస్ఈ పదకొండో తరగతి కంప్యూటర్ సైన్స్ థియరీలో 70 మార్కులకు గాను 15 మార్కులు సమాజం, చట్టం, నైతికత అనే యూనిట్‌వి. పన్నెండో తరగతి ఇన్ఫర్మాటిక్స్ ప్రాక్టీసెస్‌లో సామాజిక ప్రభావాలకు 10 మార్కులు. వ్యక్తిగత సమాచార రక్షణ, మేధోసంపత్తి, సైబర్ నేరాలు, 2000 నాటి సమాచార సాంకేతికత చట్టం, ఈ-వ్యర్థాలు, ఆరోగ్యం మీద ప్రభావం వంటివన్నీ ఎన్‌సీఈఆర్‌టీ పాఠంలో ఉన్నాయి. విషయసూచికలో వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. చిక్కు ప్రశ్న దగ్గర వస్తుంది. ఫిషింగ్ అంటే ఏమిటి, ఈ-వ్యర్థాల వల్ల కలిగే నష్టాలు రెండు రాయండి, సామాజిక మాధ్యమాల లాభనష్టాలు వివరించండి: ఈ మూసలో అడిగినంతకాలం ఆ యూనిట్ నిర్వచనాల జాబితాగా, రెండు వరుసల పట్టికగా కుదించుకుపోతుంది. నా వాదన ఒక్కటే. సాంకేతికత ప్రభావం గురించి అడిగే ప్రశ్న ఒక నిజమైన వ్యవస్థను విద్యార్థి ముందుంచి తీర్పు చెప్పమనాలి. ఆ తీర్పు ఎటువైపు ఉన్నదని చూడకుండా, దానికి అతడు ఆధారాలను ఎలా వాడుకున్నాడో చూసి మార్కులు వేయాలి. అలా అడగలేనినాడు ఆ మార్కులన్నీ ప్రోగ్రామింగ్‌కు ఇచ్చేయడమే మేలు.

లాభనష్టాల పట్టికలో అసలు దోషం ఏమిటో కాస్త నిదానంగా చూద్దాం. పనులు వేగంగా జరుగుతాయి, ఖర్చు తగ్గుతుంది, పారదర్శకత పెరుగుతుంది. మరోవైపు ఉద్యోగాలు పోతాయి, గోప్యతకు భంగం కలుగుతుంది, మోసాలు పెరుగుతాయి. ఈ ఆరు వాక్యాలు రేషన్ దుకాణంలోని ఈ-పోస్ యంత్రానికి సరిపోతాయి, ఆన్‌లైన్ బ్యాంకింగ్‌కు సరిపోతాయి, ముఖాన్ని గుర్తించే కెమెరాకూ సరిపోతాయి. ఏ వ్యవస్థ గురించీ ఏమీ తెలియకుండా రాయగలిగిన జవాబు ఏ వ్యవస్థ గురించైనా ఏమి చెప్పగలదు? పైగా ఆ పట్టిక రెండు అపోహలను నూరిపోస్తుంది. లాభం, నష్టం యంత్రంలోనే పుట్టి ఉంటాయన్నది మొదటిది. లాభం పొందేవారు, నష్టపోయేవారు ఒకరేనన్నది రెండోది. వేగం వల్ల గంట మిగిలేది ఒకరికైతే వేలిముద్ర పడక ఆ నెల బియ్యం పోయేది మరొకరికి. ఎదురెదురు వరుసల్లో రాసి కూడికలు, తీసివేతలు చేసినట్టు ముగించే జవాబులో ఆ రెండో మనిషి కనబడడు.

ఒకే రకం సాంకేతికత రెండు చోట్ల రెండు ఫలితాలు ఇవ్వగలదనడానికి మన దగ్గరే బలమైన సాక్ష్యం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, సామాజిక భద్రతా పింఛన్లను వేలిముద్రలతో ముడిపడిన స్మార్ట్‌కార్డుల ద్వారా చెల్లించే పద్ధతిని 157 మండలాల్లో, దాదాపు 1.9 కోట్ల జనాభా ఉన్న ప్రాంతంలో దశలవారీగా ప్రవేశపెట్టారు. ఏ మండలంలో ముందు, ఏ మండలంలో తర్వాత అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ దాని ఫలితాలను కొలిచి 2016లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో ప్రచురించారు. కూలి త్వరగా అందింది, ఎప్పుడు అందుతుందో ముందే తెలిసే వీలు పెరిగింది, మధ్యలో కారిపోయే సొమ్ము తగ్గింది, అర్హులు పథకానికి దూరం కాలేదు. ఆ తర్వాత ఇదే పరిశోధకులు జార్ఖండ్ రేషన్ దుకాణాల్లో ఆధార్ వేలిముద్రల ధ్రువీకరణను ఇదే తరహాలో పరిశీలించారు. ధ్రువీకరణను తప్పనిసరి చేయడం వల్ల అక్కడ లీకేజీ తగ్గలేదు. అంతకు ముందు రేషన్ కార్డుకు ఆధార్ జతచేయించుకోని కుటుంబాలకు అందే సరుకు మాత్రం తగ్గింది. రెండు చోట్లా వేలిముద్రలే. తేడా ఎక్కడుంది? ఆంధ్రప్రదేశ్‌లో చెల్లింపు ఊళ్లోకే వచ్చింది, వేలిముద్ర పడనివారికి దారి పూర్తిగా మూయలేదు. జార్ఖండ్‌లో ధ్రువీకరణ ప్రధాన ద్వారమైంది. ఈ తేడాను చూడగలిగిన విద్యార్థికి బయోమెట్రిక్ పద్ధతి మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే అసంపూర్ణమని తెలుస్తుంది. ఎవరు ఏ నియమంతో వాడారు, యంత్రం కాదన్నప్పుడు మనిషికి మిగిలిన దారేమిటి అని అతడు అడుగుతాడు. మన పరీక్ష కొలవవలసింది ఈ అడగగలిగిన శక్తినే.

ఇంకా దగ్గరి ఉదాహరణ విద్యార్థుల జీవితాల్లోనే ఉంది. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడ్డాయి. మార్కుల జాబితాల్లో తప్పులు బయటపడ్డాయి. మూడు లక్షలకు పైగా విద్యార్థులు ఉత్తీర్ణులు కాలేదు. కొందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం ముగ్గురు సభ్యులతో కమిటీ వేసింది, తప్పినవారందరి జవాబుపత్రాలను ఉచితంగా మళ్లీ పరిశీలింపజేసింది. ఆ పరిశీలనలో 1,137 మంది ఉత్తీర్ణులైనట్టు తేలింది. ఒక విద్యార్థినికి తెలుగులో 99 మార్కులకు బదులు సున్నా పడింది. దిద్దినవారు ఓఎంఆర్ పత్రంలో వలయాలు తప్పుగా నింపారు, సరిచూడవలసినవారు దాన్ని పట్టుకోలేదు. ఈ ఉదంతాన్ని కంప్యూటర్ తప్పు అని ఒక్క మాటలో కొట్టేయలేం, మనిషి పొరపాటు అనీ ఒక్క మాటలో వదిలేయలేం. చేయి పొరపడింది, సరిచూపు తప్పింది. అలాంటి సున్నాను అనుమానించి మళ్లీ చూపించవలసిన ఏర్పాటు ఫలితాలు వెలువడేలోపు అక్కరకు రాలేదు. అభ్యంతరం చెప్పుకునే దారి ఫలితాలు వచ్చి గగ్గోలు పుట్టాక గాని విశాలం కాలేదు. సాంకేతికత సమాజాన్ని తాకే తీరు ఇదే. పొరపాటు గొలుసులో ఒక లంకె దగ్గర మొదలవుతుంది, దాని బరువు చివరి లంకె మీద పడుతుంది. ఇంత స్పష్టమైన పాఠం మన విద్యార్థుల ముందే ఉండగా కంప్యూటర్ల ఉపయోగాలు అయిదు రాయమని అడగడం వారి తెలివిని తక్కువ చేయడమే.

ఇది ఒక్క రాష్ట్రపు కథ కూడా కాదు. 2020లో కోవిడ్ వల్ల పరీక్షలు రద్దయినప్పుడు ఇంగ్లండ్‌లో ఎ-లెవెల్ గ్రేడ్లను ఒక గణిత నమూనాతో నిర్ణయించారు. ఆగస్టు 13న ఫలితాలు వచ్చేసరికి ఉపాధ్యాయులు అంచనా వేసిన గ్రేడ్లలో దాదాపు 39 శాతం కిందికి దిగాయి. నమూనా ఆయా బడుల గత ఫలితాలను లెక్కలోకి తీసుకుంది. మునుపు అంతంతమాత్రం ఫలితాలు వచ్చిన బడిలో చదివిన చురుకైన పిల్లకు ఆ గతం అడ్డుపడింది. అతి తక్కువమంది చదివే సబ్జెక్టులకు మాత్రం ఉపాధ్యాయుల అంచనానే ఉంచారు. అలాంటి చిన్న తరగతులు ప్రైవేటు బడుల్లో ఎక్కువ కాబట్టి అక్కడివారికి మేలు జరిగింది. విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. ఆగస్టు 17న ప్రభుత్వం ఆ గ్రేడ్లను వెనక్కి తీసుకుంది. అదే ఏడాది ఇంటర్నేషనల్ బాకలారియేట్ సంస్థ కూడా మే పరీక్షలు రద్దుచేసి, కోర్సు పని, ఉపాధ్యాయుల అంచనాలు, బడుల గత సమాచారం కలిపిన నమూనాతో గ్రేడ్లు ఇచ్చి, విమర్శలు వచ్చాక సవరించింది. నమూనా రాసినవారెవరికీ ఏ బడి మీదా పగ లేదు. మార్కులు ఏటికేడు ఊరికే ఉబ్బిపోకూడదన్న సమంజసమైన ఉద్దేశం నుంచే ఆ అన్యాయం పుట్టింది. సదుద్దేశం ఉన్న వ్యవస్థ ఎవరిపట్ల ఎలా తప్పుతుందో చూడగలగడం నేటి పౌరుడికి కావలసిన చూపు. దాన్ని అలవరచవలసింది బడే.

ఈ రకం ప్రశ్నను పరీక్షలో పెట్టడం సాధ్యమా అన్న సందేహానికి ఇతరుల అనుభవం కొంత జవాబిస్తుంది. ఇప్పుడు చెప్పిన ఇంటర్నేషనల్ బాకలారియేట్ సంస్థే ప్రపంచ సమాజంలో సమాచార సాంకేతికత అనే సబ్జెక్టును చాలా ఏళ్లు నడిపింది. అందులో ఒక పత్రంలో విద్యార్థి అంతకుముందు చూడని వ్యాసాన్ని ఇచ్చి, అందులోని సాంకేతికత ఎలా పనిచేస్తుందో, ఎవరిని ఎలా తాకుతుందో, ఏ పరిష్కారం ఎందుకు మెరుగో రాయమనేవారు. పై స్థాయి విద్యార్థులకు ముందుగానే ఒక కేస్ స్టడీ ఇచ్చి, దాని మీద స్వయంగా పరిశోధించి వచ్చాక పరీక్ష పెట్టేవారు. 2022లో దాని స్థానంలో డిజిటల్ సొసైటీ అనే కోర్సు వచ్చింది. అమెరికాలో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కంప్యూటర్ సైన్స్ ప్రిన్సిపుల్స్ అనే కోర్సు దారి వేరు. మొదట్లో అందులో ప్రతి విద్యార్థీ ఒక కంప్యూటింగ్ ఆవిష్కరణను తానే ఎంచుకుని, దాని మేలు కీడులను పరిశోధించి సమర్పించే పని ఉండేది. 2020-21 నుంచి దాన్ని తీసేసి, ఒక పేరా ఇచ్చి దాని మీద అయిదు బహుళైచ్ఛిక ప్రశ్నలు అడుగుతున్నారు. దిద్దడం తేలికైంది. కాని తన మాటల్లో వాదన కట్టే భాగం పరీక్షలోంచి జారిపోయింది. నిర్వహణ సౌలభ్యం కోసం మనం ఏది వదులుకుంటామో ఈ మార్పు చెబుతుంది.

మన పరీక్షలో ఆ ప్రశ్న ఎలా ఉండవచ్చో ఒక నమూనా చెబుతాను. తెలంగాణలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ వివిధ శాఖల దగ్గరున్న సమాచారాన్ని జతచేసి, ఒక శాఖ జాబితాలో ఉన్న వ్యక్తీ మరో శాఖ జాబితాలో ఉన్న వ్యక్తీ ఒకరేనా అని పోల్చుతుంది. సంక్షేమ పథకాలకు అర్హతను పరిశీలించడంలో దీన్ని వాడారు. అంతకుముందు రాష్ట్రంలో రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డుల విషయమై, క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలన జరపాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఈ నేపథ్యంతో ఒక పేజీ పత్రం ఇవ్వవచ్చు: జాబితాలను పోల్చే పద్ధతి వివరణ, దాని అవసరం గురించి ప్రభుత్వం చెప్పే కారణం, కార్డు పోయినవారి ఫిర్యాదు సారాంశం, కోర్టు ఆదేశం. పది మార్కులను నాలుగు భాగాలు చేయవచ్చు. ఈ వ్యవస్థ ఎలా పనిచేస్తుందో, ఎక్కడ పొరపడే వీలుందో చెప్పినందుకు రెండు. ఎవరు లాభపడతారు, ఎవరు నష్టపోతారు అన్నది పత్రంలోని ఆధారంతో చూపినందుకు మూడు. కారణాలతో కూడిన తీర్పుకు మూడు. ఏ కొత్త సమాచారం దొరికితే తన తీర్పు మార్చుకుంటాడో రాసినందుకు రెండు. మొదటి భాగం దగ్గరే తెలుగు పిల్లవాడి లోకజ్ఞానం అక్కరకొస్తుంది. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో ముగ్గురు వెంకటేశ్వర్లు ఉంటారని, లక్ష్మి అన్న పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కో కార్డులో ఒక్కో విధంగా ఉంటుందని, పెళ్లయిన ఆడపిల్ల పేరుకు ముందు ఇంటిపేరు మారవచ్చని అతడికి తెలుసు. పేర్లను పోల్చే ప్రోగ్రాము ఎక్కడ తడబడుతుందో అతడు ఊహించగలడు. ప్రోగ్రామింగ్ పాఠం, సమాజ పాఠం అక్కడ ఒకటవుతాయి.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం న్యాయమైనదే. లక్షల జవాబుపత్రాలను వేలమంది దిద్దుతారు. నిర్వచనానికి మార్కు వేయడంలో తేడా రాదు, తీర్పుకు మార్కు వేస్తే మనిషికో తీరుగా ఉంటుంది. 2019 ఉదంతం చెప్పిన నేనే దిద్దుబాటును మరింత క్లిష్టం చేయమంటున్నానా? తేడాలు వస్తాయన్నది నిజం. కాని ఇక్కడ మార్కు పడేది అభిప్రాయానికి కాదు కనుక తేడాను అదుపులో పెట్టే దారులున్నాయి. వ్యవస్థను సరిగా వర్ణించాడా, ఆధారం పత్రంలోదేనా, తీర్పుకూ ఆధారానికీ సంబంధం ఉందా అన్నవి చూసి చెప్పదగిన విషయాలు. బ్రిటన్‌లోని జీసీఎస్ఈ కంప్యూటర్ సైన్స్ పరీక్షలో సామాజిక, నైతిక ప్రభావాల మీది పెద్ద ప్రశ్నలకు ఇలా స్థాయిల వారీగానే మార్కులు వేస్తారు. మన పదో తరగతి సాంఘికశాస్త్రంలోనూ పేరా చదివి వ్యాఖ్యానించండి అన్న ప్రశ్న ఏళ్లుగా ఉంది. దాన్ని దిద్దిన ఉపాధ్యాయులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేలమంది ఉన్నారు. అంటే ఈ నైపుణ్యం మనకు కొత్తగా దిగుమతి చేసుకోవలసింది కాదు. పరీక్ష ముగిసిన వెంటనే మూల్యాంకన సూత్రాలను, మంచి జవాబుల నమూనాలను ప్రకటిస్తే అనుమానం మరింత తగ్గుతుంది. కచ్చితంగా కొలవగలిగినదాన్ని మాత్రమే కొలిచే పరీక్ష, కొలవవలసినదాన్ని వదిలేస్తే ఆ కచ్చితత్వం ఎవరికి ఉపకరిస్తుంది?

రెండో అభ్యంతరం గైడ్ల గురించి. పేరా ప్రశ్న వచ్చిన ఏడాది తిరగకుండా సిద్ధ వ్యాఖ్యల పుస్తకాలు బజారులోకి వచ్చాయి, ఇదీ అలాగే అవుతుందంటారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఇంటి దగ్గర రాసిన ఏ వ్యాసమూ విద్యార్థిదేనని చెప్పలేని స్థితి కూడా వచ్చింది. ఈ రెండు ప్రమాదాలనూ తట్టుకునేది పట్టిక జవాబు కాదు. లాభనష్టాల పట్టికను గైడు అచ్చువేస్తుంది, యంత్రం క్షణంలో రాస్తుంది. పరీక్ష హాల్లో ఇచ్చిన కొత్త పత్రంలోని మూడో వాక్యానికి, అయిదో వాక్యానికి మధ్య ఉన్న వైరుధ్యాన్ని పట్టుకునే జవాబును ముందుగా అచ్చువేయలేరు. ఏటా కేసు మారాలి, పత్రం కొత్తగా ఉండాలి, జవాబు హాల్లోనే రాయాలి. ఈ మూడు షరతులూ పాటిస్తే కంఠస్థం చేసిన ముగింపులు వాటంతటవే బయటపడతాయి.

ప్రోగ్రాము రాయడం రానివాడు ప్రభావాల గురించి మాట్లాడితే ఉపన్యాసమే మిగులుతుంది, ముందు సాంకేతికత నేర్పండి అనేవారూ ఉన్నారు. వారి భయంలో సత్యం ఉంది. అందుకే నా నమూనాలో మొదటి రెండు మార్కులు వ్యవస్థ పనితీరుకే పెట్టాను. అది దాటనివాడికి మిగతావి గట్టిగా దక్కవు. అయితే సాంకేతికత ముందు, సమాజం తర్వాత అన్న వరుస కంప్యూటర్ శాస్త్ర చరిత్రలోనే నిలవదు. జోసెఫ్ వీజెన్‌బామ్ 1966లో ఎలిజా అనే సంభాషణ ప్రోగ్రామును ప్రచురించాడు. అది చాలా సాదా ప్రోగ్రాము. అయినా మనుషులు దానితో మనసు విప్పి మాట్లాడటం చూసి కలవరపడి, కంప్యూటర్లకు ఏ నిర్ణయాలు అప్పగించకూడదన్న చర్చను 1976లో ఒక పుస్తకంగా రాశాడు. ప్రోగ్రాము లోపలి సరళత తెలిసినవాడు కాబట్టే దాని సామాజిక ప్రభావాన్ని అందరికంటే ముందు పసిగట్టాడు. రెండు జ్ఞానాలూ ఒకదాన్నొకటి పదునుపెడతాయి.

పల్లెటూరి బడిలో, తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలకు ఇది భారం కాదా అన్న ప్రశ్న నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. కేసు పత్రం ఇంగ్లీషులో మాత్రమే ఉంటే, ఉదాహరణలు స్వయంచాలిత కార్ల చుట్టూ, విదేశీ కంపెనీల చుట్టూ తిరిగితే తప్పకుండా భారమే. పత్రం తెలుగులో తేటగా ఉండి, కేసు ఈ-పోస్ యంత్రం గురించో, భూమి రికార్డుల కంప్యూటరీకరణ గురించో అయితే లెక్క మారుతుంది. ఇంట్లో అవ్వ వేలిముద్ర పడకపోవడం చూసిన పిల్లకు, పాసుపుస్తకంలో పేరు తప్పుపడి కార్యాలయాల చుట్టూ తిరిగిన రైతు బిడ్డకు ఉన్న జ్ఞానం నగరపు కార్పొరేట్ కాలేజీ విద్యార్థికి ఉండకపోవచ్చు. ఇప్పటి పరీక్ష ఆ జ్ఞానానికి ఒక్క మార్కు కూడా వేయదు. ఉపాధ్యాయులకు శిక్షణ కావాలన్నది నిజమే. అది కొత్త యంత్రాల మీద శిక్షణ కంటే, ఏడాదికి ఒక కేసును కలిసి చదివి చర్చించే శిక్షణగా ఉంటే చాలు.

చివరి అభ్యంతరాన్ని బయటికి తక్కువగా అంటారు గాని, నిర్ణయాల మీద దాని ప్రభావం ఎక్కువ. ప్రభుత్వ పథకాన్ని పరీక్షలో విమర్శించమంటే పిల్లల్ని రాజకీయాల్లోకి లాగినట్టు కాదా? కాదని నా నమ్మకం. పథకం సబబేనని ఆధారాలతో రాసిన విద్యార్థికీ, సబబు కాదని ఆధారాలతో రాసినవాడికీ సమాన మార్కులు పడే ప్రశ్న ఏ పార్టీ ప్రశ్నా కాదు. మన సుప్రీంకోర్టు చేసిన పని అలాంటిదే. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా చెప్పింది. 2018 సెప్టెంబరులో ఆధార్ చట్టాన్ని మెజారిటీ తీర్పు చాలావరకు నిలబెడుతూనే, బడి ప్రవేశాలకు, సీబీఎస్ఈ, నీట్ వంటి పరీక్షలకు ఆధార్‌ను తప్పనిసరి చేయరాదంది. ఒక న్యాయమూర్తి మొత్తం చట్టంతోనే విభేదించారు. ఒకే సాక్ష్యాన్ని చూసి విజ్ఞులు వేర్వేరు తీర్పులకు రావచ్చని, వచ్చిన ప్రతివారూ కారణాలు రాయాలని చూపిన ఉదాహరణ అది. న్యాయస్థానంలో గౌరవించే పద్ధతిని తరగతి గదిలో చూసి భయపడనక్కర్లేదు.

కాబట్టి పరీక్షా మండళ్లకు, పాఠ్యపుస్తకాలు రాసేవారికి నేను చేసే విన్నపం పరిమితమైనది, వచ్చే విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టదగినది. సాంకేతికత ప్రభావాల యూనిట్ నుంచి నిర్వచనాల ప్రశ్నలు తగ్గించి ఒక్క కేసు ప్రశ్న పెట్టండి. దాన్ని తెలుగు, ఇంగ్లీషు భాషలు రెండింటిలోనూ సమానమైన శ్రద్ధతో రాయించండి. మొదటి కేసుగా పరీక్షల వ్యవస్థనే తీసుకోండి: జవాబుపత్రం హాలు దాటిన దగ్గర్నుంచి మార్కు తెర మీద కనబడేదాకా ఎన్ని చేతులు, ఎన్ని యంత్రాలు దాటుతుందో, తప్పు జరిగితే ఎవరిని ఎలా అడగాలో విద్యార్థులే విశ్లేషించనివ్వండి. సమాజం పట్ల మీ జవాబుదారీతనానికి అంతకంటే మంచి ఆరంభం ఉండదు. రేపు ఈ పిల్లల్లో కొందరు ఇలాంటి వ్యవస్థలు రాస్తారు, కొందరు కొంటారు, కొందరు అధికారులుగా అమలుచేస్తారు, అందరూ వాటికి లోబడి బతుకుతారు. యంత్రం ఇచ్చిన జవాబును తిరిగి ప్రశ్నించే హక్కు తనకుందని, ప్రశ్నించే పద్ధతి ఒకటుందని బడిలోనే తెలుసుకున్న తరం, ఏ యంత్రం ముందూ నిస్సహాయంగా నిలబడదు. అంతవరకూ తీసుకెళ్లగల ప్రశ్నను పిల్లలకు బాకీపడి ఉన్నాం, ఆ బాకీ తీర్చుదాం.